వార్చిన నీళ్లు

మా ఉదయగిరి బస్టాండు పక్కన కొండలయ్య దగ్గర కూరగాయలు కొనడమంటే పరీక్షకు కూర్చున్నట్టే. కాయలు మనం ఏరుకోవడానికి వీల్లేదు. అతనే ఒక బీన్సుకాయ తీసి, మన చెవి దగ్గర పెట్టి, టప్పున విరుస్తాడు. "ఇన్నావా?" అంటాడు. విన్నామని ఒప్పుకునేదాకా తూకం వెయ్యడు. ఆ టప్పులు వినీ వినీ నాకు చెవులు దిబ్బళ్లు పడ్డాయని ఎన్నిసార్లు దెప్పానో లెక్కలేదు. దెప్పినప్పుడల్లా ఇంకో కాయ విరిచేవాడు.

నేను టైలర్ని. నా కొట్టు అతని గంపలకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. మిషను తొక్కుతూ తలెత్తితే కనబడేది కొండలయ్యే కాబట్టి, నా పెళ్లాం మొహం కంటే అతని మొహమే ఎక్కువ చూసి ఉంటాను. వరికుంటపాడు దిక్కు మనిషి. వాళ్లది గొర్రెలు కాసిన ఇల్లు. మేత దొరక్క మంద అమ్ముకుని, భార్య రాఘవమ్మను వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చాడు. పిల్లలు లేరు. తెల్లవారి మొదటి బస్సుకు ఆత్మకూరు మార్కెట్టుకు పోయి, బస్తాలు బస్సు టాపు మీద వేసుకుని, జనం టీలు తాగే వేళకు తిరిగి వచ్చేవాడు.

అతని నోట్లో ఎప్పుడూ ఒకటే మాట, తాజా. సాయంత్రానికి మిగిలిన కూర మర్నాడు అమ్మడు. మేకలకు వేసేస్తాడు. నిన్నటిదంటే అతనికి చద్ది. చద్దన్నం తినొచ్చు గానీ చద్ది కూరగాయ మనిషికి పెట్టకూడదట. ఈ శాస్త్రం ఎవరు రాశార్రా అంటే, "నా నాలిక రాసింది" అనేవాడు.

నాకు ఇలాంటి గొప్పలు వింటే ఒళ్లు మండుతుంది. ఆ బీన్సు ఎక్కడో చలిదేశపు తోటలో కోసింది. బస్తాకెక్కి, లారీలో రాత్రంతా కుదుపులు తిని, ఆత్మకూరులో ఒక పూట పడుండి, మన బస్సు టాపు మీద ఎండలో ఊరేగి, ఇక్కడ తడిగోనె కింద కూర్చుంటుంది. దానికి నీళ్లు చల్లి తాజా అంటే తాజా అవుతుందా? నేను ఆ మాట అంటే రెండు రోజులు నాతో మాట్లాడేవాడు కాదు. మూడోరోజు తనే వచ్చి, గంపలో నుంచి ఒక జామకాయ తీసి నా మిషను మీద పెట్టి పోయేవాడు.

గంపల వెనకే వాళ్ల ఇల్లు. ఆ వాకిట్లో కూర్చుని ఆకుకూరలు కట్టలు కట్టేది రాఘవమ్మ. మాట తక్కువ. కానీ ఆమె చారు కాచిందంటే రోడ్డు దాటి నా కొట్టులోకి వచ్చేది వాసన. ఆ చారుకు కందిపప్పు అక్కర్లేదు, టమేటా అక్కర్లేదు. బీన్సో, గోరుచిక్కుడో, తోటకూర కాడలో ఉడకబెట్టి నీళ్లు వార్చేది. ఆ నీళ్లలో కాస్త చింతపండు పిసికి, వెల్లుల్లి దంచి వేసి, జీలకర్ర కరివేపాకు తిరగమోత పెట్టేది. అంతే. అన్నం వార్చితే గంజి ఎట్లా పారబోయరో, ఆ ఇంట్లో కూర వార్చితే నీళ్లు పారబోయరు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి తెలియక పెరట్లో పోసిందట. "బలమంతా కుక్కలకు పోసినావు గదే" అని అత్తగారు ఆ పూట అన్నం తినలేదట. గొర్రెల వెంట తిరిగే ఇళ్లలో పచ్చికూర దొరకడమే అపురూపం. దొరికిన దాని నీళ్లు కూడా వాళ్లకు కూరే. ఇదంతా ఆమె ఒకసారి నాకు జాకెట్టు కొలతలిస్తూ చెప్పింది. అప్పుడు నవ్వుకున్నాం.

ఆమెకు పాదాలు వాచడం మొదలైంది. తర్వాత మొహం. ఇక్కడ చూపించారు, నెల్లూరులో చూపించారు. రెండు కిడ్నీలూ పోయాయన్నారు. ఎందుకు పోయాయంటే నీళ్లన్నారు ఒకరు, నొప్పి మాత్రలన్నారు ఇంకొకరు, షుగరు లేదు గదా మరెందుకో అన్నారు మూడోవారు. మా వైపు ఈ జబ్బు చాలా ఇళ్లలో ఉంది, కారణం మాత్రం ఏ ఇంట్లోనూ తేలలేదు. ఆత్మకూరులో వారానికి రెండుసార్లు డయాలసిస్ అని కుదిర్చారు. కొండలయ్య బస్తాల కోసం పోయే బస్సులోనే భార్యను తీసుకుపోవడం మొదలుపెట్టాడు. ఆమె లోపల డయాలసిస్ మంచం మీద ఉన్నంతసేపూ బయట బల్ల మీద కూర్చునేవాడు. వారంలో ఆ రెండు రోజులూ ఇక్కడ గంపలు పరిచేవాడు కాదు.

నీళ్లు కొలిచి తాగాలన్నారు. అందుకని ఒక స్టీలు గ్లాసు పెట్టుకున్నాడు. పొద్దున లేస్తే రాత్రి దాకా ఆమెకు ఇన్ని గ్లాసులని లెక్క. మజ్జిగైనా కాఫీ అయినా ఆ లెక్కలోదే. నడివేసవిలో ఆమె పెదాలు తడుపుకుంటూ గ్లాసు వంక చూసేది, అతను గోడ వంక చూసేవాడు. ఉప్పు లేదు. అరటిపండు లేదు, కొబ్బరినీళ్లు లేవు. కానీ కూరలంటే కొండలయ్యకు తన రాజ్యం కదా. మనిషి పాలిపోతోంది, రక్తం పట్టాలి అని, తెలిసినవాళ్ల పెరటిలో అప్పటికప్పుడు మునగాకు దూసుకొచ్చి రోజూ పెట్టాడు. ఆ వారం ఆమె గుండె తప్పుగా కొట్టుకుంది. కాళ్లు పట్టు తప్పాయి. డయాలసిస్ దగ్గర రక్తం చూసి, పరుగులు పెట్టి మందు ఎక్కించారు.

అప్పుడు వీళ్లను ఆహారం సంగతి చెప్పే శ్రీవిద్య మేడం దగ్గరికి పంపారు. చిన్నపిల్ల. ఓపిక గలది. ఆమె చెప్పినదంతా కొండలయ్య ఆ సాయంత్రం నా కొట్టు మెట్టు మీద కూర్చుని నాకు ఒప్పజెప్పాడు. ఒప్పజెప్పడం కూడా కాదు, ఫిర్యాదు చేశాడు.

మునగాకులో పొటాషియమనే ఉప్పు ఎక్కువట. కిడ్నీలు పనిచేసేవాళ్లకు అది మేలే చేస్తుందట, ఈమెకు మాత్రం రక్తంలో పేరుకుని గుండె మీదికి వస్తుందట. కాయగూరలన్నిటిలోనూ అంతో ఇంతో ఉంటుంది కాబట్టి ఏదైనా సరే సన్నగా కోసి, బాగా నీళ్లు పోసి ఉడికించి, నీళ్లు వార్చి, ఆ తర్వాతే వండాలట. ఇంతవరకూ కొండలయ్య తల ఊపాడు. పొరపాటున నోరు జారి, "మేడం, నా దగ్గరయ్యన్నీ తాజావి, ఐసుపెట్టెలో చద్దివి కాదు" అన్నాడట. దానికి ఆ పిల్ల నవ్వి, ఐసుపెట్టెలోవి తక్కువేమీ కాదు అందట.

అతన్ని కొట్టినా అంత బాధపడేవాడు కాదు.

ఆమె విడమరిచి చెప్పిందట. పొద్దున చేలో కోసి మధ్యాహ్నం వండుకుంటే దానికి సాటి లేదు. కానీ కోసిన కాయ రోజుల తరబడి తిరిగితే అందులో విటమిన్లు కొన్ని తరిగిపోతూ వస్తాయి. ఫ్యాక్టరీవాళ్లు కోసిన కొద్దిసేపటికే వేడినీళ్లలో ముంచి తీసి గడ్డకట్టిస్తారు కాబట్టి ఉన్నవి చాలావరకు అట్లాగే నిలుస్తాయి. లారీలో వచ్చిన బీన్సుకూ ప్యాకెట్టు బీన్సుకూ బలంలో పెద్ద తేడా ఉండదు, ఒక్కోసారి ప్యాకెట్టుదే మేలు. పొటాషియం సంగతి మాత్రం వేరు. అది వాడిపోతే తగ్గేది కాదు, నిలవ ఉంటే పోయేది కాదు, నీళ్లలోకి దిగాల్సిందే. గడ్డకట్టి కరిగిన ముక్క మెత్తబడి ఉంటుంది గనుక ఉడికించినప్పుడు తొందరగా వదిలేస్తుంది. కాబట్టి రాఘవమ్మకు ప్యాకెట్టుదే మంచిది.

"అంటే నా కూర కన్నా ఐసుదే మేలంట" అన్నాడు కొండలయ్య. "ఇంట్లో దానికి నేను అమ్మే కాయ పనికిరాదంట."

నేను ఎన్నాళ్లుగానో చెబుతున్న మాటను ఒక చదువుకున్న పిల్ల చెప్పింది. నాకు సంతోషం కలగాలి. తల వంచుకుని మెట్టు మీద గోరుతో గీతలు గీస్తున్న మనిషిని చూస్తే ఆ సంతోషం రాలేదు. ఆ మేడానికి ఏం తెలుసులేరా అనబోయి ఊరుకున్నాను. ఆమెకు తెలుసని నాకు తెలుసు.

వెళ్లబోతూ మాత్రం కొంచెం తేరుకుని అన్నాడు. "ఒకటి బాగా చెప్పింది. పొటాషియమంటే నాకేం తెలస్తది? అందుకని నా మాటల్లో చెప్పింది. కూరలో సారమంతా నీళ్లలోకి దిగిపోతది పెద్దాయనా, పిప్పి మాత్రం పెట్టండి అనింది. సారం నీళ్లలోకే పోతదని మా అమ్మ కూడా అంటా ఉండేది."

ఆత్మకూరులో సురేంద్రబాబు అనే ఆయన కొత్తగా పెద్ద కొట్టు పెట్టి, అద్దాల మూత ఉన్న ఐసుపెట్టె దింపాడు. కొండలయ్య వారానికి రెండుసార్లు అక్కడికి పోయి బీన్సు, క్యారెట్టు ముక్కల ప్యాకెట్లు కొనేవాడు. కూరగాయల కొండలయ్య ప్యాకెట్టు కూర కొంటున్నాడని ఊళ్లో తెలిస్తే ఇంకేమన్నా ఉందా? కాగితాల్లో చుట్టి, గోతాంలో వరిపొట్టు పోసి, అందులో దూర్చి, పైన ఉర్లగడ్డ దుంపలు పరిచి తెచ్చేవాడు. ఎంత దాచినా బస్సు దిగేటప్పటికి గోతాం అడుగు నుంచి చుక్కలు చుక్కలుగా కారేది. "ఏందన్నా, ఉర్లగడ్డలు ఏడస్తా ఉండాయి?" అని కండక్టరు అడిగాడు. బస్సులో అందరూ నవ్వారు, కొండలయ్య కూడా నవ్వాడు. ఇంటికి తేగానే పక్కింటివాళ్ల ఫ్రిజ్జులో పెట్టించేవాడు, ఎవరికీ చెప్పబోమని వాళ్ల చేత ఒట్టు వేయించుకుని.

వంట కూడా అతనే చేసేవాడు, ఆమెకు పొయ్యి ముందు కూర్చునే ఓపిక పోయింది. చెప్పింది చెప్పినట్టు చేశాడు. ప్యాకెట్టు ముక్కలు పెద్ద తపేలాలో వేసి, నీళ్లు ఎక్కువ పోసి ఉడికించేవాడు. మూత అడ్డం పెట్టి వార్చేవాడు. చుక్క మిగలకుండా గుడ్డలో వేసి పిండేవాడు. అంత శ్రద్ధగా గొర్రెపిల్లలకు పాలు కూడా పట్టి ఉండడు. ఉప్పు లేని ఆ పిప్పిని ఆమె రెండు ముద్దలు తిని పక్కకు నెట్టేది.

ఆ చెవి దగ్గర టప్పుమనిపించడం కూడా ఆ రోజుల్లోనే మానేశాడు. ఎవరన్నా చెవి ముందుకు పెడితే, తూకం వేసి కవరు చేతికిచ్చేవాడు. వ్యాపారం కొంచెం పడింది. నాకు మటుకు ఎదురుగా ఏదో పండగ ఆగిపోయినట్టు తోచింది.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఆ ఇంట్లో నుంచి చారు వాసన వచ్చింది. అదే వెల్లుల్లి, అదే కరివేపాకు. మిషను ఆపి పీల్చాను. రాఘవమ్మ లేచి చారు కాచుకుంటోందంటే కోలుకుంటున్నట్టే గదా అనుకున్నాను. సాయంత్రం కొండలయ్యను అడిగితే అతని మొహం కూడా విచ్చుకుంది. ఈ మధ్య అన్నం నాలుగు ముద్దలు ఎక్కువ తింటోందని చెప్పాడు. నేను దేవుడున్నాడ్రా అన్నాను.

రక్తపరీక్షలో మాత్రం ఆ ఉప్పు దిగిరాలేదు. ఇంకా పెరిగింది. నడుస్తూ నడుస్తూ కూలబడేది. ఒకసారి బస్సు మెట్టు మీద కాలు పైకి లేవక అట్లాగే నిలబడిపోయింది, వెనక జనం కేకలు వేశారు. శ్రీవిద్య మేడం కొండలయ్యను గట్టిగా అడిగింది. ఆకుకూర పెడుతున్నావా, పండ్లు పెడుతున్నావా, నిజం చెప్పు అంది. అతను భార్య తల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు. ఎవరూ నమ్మలేదు. వాళ్లు ఎందుకు నమ్ముతారు, నేనే నమ్మలేదు. తాజా పిచ్చి పట్టినవాడు దొంగచాటుగా ఏదో పెడుతున్నాడనే అనుకున్నాను. నా కొట్టుకు పిలిచి తిట్టాను కూడా. నీ గొప్ప కోసం ఆమెను చంపుతావురా అన్నాను. "నేనేం పెట్టడం లేదురా" అని మాత్రం అన్నాడు, చెబితే వినే దిక్కు లేనివాడిలా.

నాకు అప్పుడప్పుడు లైనింగు గుడ్డకూ దారానికీ ఆత్మకూరు పోయే పని ఉంటుంది. ఆ వారం వాళ్లతోనే బయల్దేరాను. నిజానికి దారం అవసరం లేదు. ఆ మేడం ముందు ఇతని గుట్టు ఏమిటో తేలుద్దామనే పోయాను.

డయాలసిస్ అయ్యాక రాఘవమ్మను చక్రాల కుర్చీలో మేడం గదికి తెచ్చారు. ఆమె చెంపలు లోపలికి పోయాయి, కళ్లు మాత్రం పెద్దవయ్యాయి. మేడం ఈసారి కొండలయ్యను అడగలేదు. తన కుర్చీ జరుపుకుని ఆమె దగ్గరగా కూర్చుంది.

"అమ్మా, రోజూ ఏమేం తింటున్నావో నువ్వే చెప్పు."

"ఏం తింటాను తల్లీ. ఆ పిప్పి నోట్లోకి పోదు. చారుబువ్వ ఒక్కటే దిగతా ఉండాది."

"చారా? పప్పు చారా?"

"కాదులే. మా ఇంటి చారు. ఈయనే కాస్తాడు, నాకన్నా బాగా కాస్తాడు ఇప్పుడు."

కొండలయ్య మొహంలో వెలుగు చూడాలి. ఎన్నో రోజుల తర్వాత తనను మెచ్చుకున్నారు. ముందుకు వంగాడు. దాంట్లో ఉప్పు వెయ్యలేదని, చింతపండు కూడా పేరుకేనని, నీళ్ల గ్లాసు లెక్కలోనే పోస్తున్నాననీ, తాగే నీళ్లు తగ్గించి ఆ మేరకు చారు ఇస్తున్నాననీ గబగబా చెప్పాడు.

మేడం చేతిలో పెన్ను కింద పెట్టింది. "ఏ నీళ్లతో కాస్తున్నారు?"

"వార్చిన నీళ్లతోనే మేడం."

"కూర ఉడికించిన నీళ్లా?"

"మీరే గదా చెప్పినారు, సారమంతా దాంట్లోకి దిగతదని. ఒక్క చుక్క కింద పొయ్యలేదు. నేను కూడా తాగలేదు. అంతా ఆమెకే పోసినాను."

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె ఇంట్లో వార్చడమంటే సింకులో పొయ్యడం. కొండలయ్య ఇంట్లో వార్చడమంటే గిన్నెలోకి పట్టడం. మాట ఒకటే. ఆమె సారమన్నది ఆ మనిషికి అర్థం కావాలని, ప్రేమతోనే అంది. అతను ఆ సారాన్ని పట్టింది ప్రేమతోనే. తప్పు ఎవరిదో చెప్పి ఒకరి మీద విరుచుకుపడదామని పోయినవాణ్ని, నా కోపం నా దగ్గరే మిగిలిపోయింది.

చివరికి ఆమె చెప్పింది. ముక్కల్లో నుంచి తీసెయ్యాలనుకున్నదే ఆ నీళ్లలో ఉంది. అది తీసి పారెయ్యడానికే ఉడికించమన్నది. చాలా మెల్లగా చెప్పింది, అతని వైపు చూడకుండా. కొండలయ్య అంతా విని, "అయితే ఐసు కూర తెచ్చి, ఉడకేసి, బాగా దిగేటట్టు చేసి..." అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు. మిగిలింది అతనికే అర్థమైంది.

రాఘవమ్మే ముందు తేరుకుంది. "పోనీలేయ్యా, తెలిసి చేసినావా" అంది. బస్సులో ఆమె అతని భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. అతను మా ఊరు వచ్చేదాకా కిటికీలో నుంచి బయటకు చూస్తూనే ఉన్నాడు. నేను దారం కొనలేదు.

ఆ మర్నాటి నుంచి నీళ్లు పారబోయడం మొదలైంది. మధ్యాహ్నం అతను తపేలా పట్టుకుని వాకిట్లోకి వచ్చేవాడు. పచ్చగా పొగలు కక్కే ఆ నీళ్లను కాలవలో వంచేవాడు. ఒకసారిగా వంచలేకపోయేవాడు. కొంచెం పోసి, ఆగి, లోపలికి చూసి, మళ్లీ పోసేవాడు. ఆ చప్పుడు లోపల మంచం మీద ఉన్న మనిషికి వినబడుతుంది. ఆమె మొదటి రోజుల్లో ఏమీ అనలేదు. తర్వాత అడగడం మొదలుపెట్టింది.

ఒకనాడు నేను చూడ్డానికి పోతే నన్నే అడిగింది. "అన్నా, నువ్వన్నా చెప్పు. ఒక్క గరిటె. నోరంతా మట్టి తిన్నట్టు ఉండాది." నేను ఊళ్లో అందరికీ నీతులు చెప్పే మనిషిని. ఆ పూట తల తిప్పి కొండలయ్య వంక చూశాను. అతను పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఉన్నాడు. వినబడనట్టు చేతిలో గరిటెను కడుగుతూనే ఉన్నాడు, అది ఎప్పుడో శుభ్రమైపోయింది.

మేడాన్ని అడిగి చూశాడట. వారానికి ఒక్కసారి, ఒక్క గుక్కెడు, పెట్టొచ్చా అని. వద్దంది. గుండె తట్టుకోలేదంది. మిరియాలతో, నిమ్మచుక్కతో వేరే చారు ఎలా కాయాలో చెప్పింది. అతను వచ్చి కాచాడు. రాఘవమ్మ ఒక గుటక వేసి, బాగుందని చెప్పి, గ్లాసు పక్కన పెట్టింది. మళ్లీ ముట్టలేదు. అది ఆమె చారు కాదు.

పరీక్షల్లో ఆ పొటాషియం ఉప్పు దిగింది. సరిగ్గా ఎంత ఉండాలో అంత ఉందన్నారు. కొండలయ్యను మెచ్చుకున్నారు కూడా. కానీ మనిషి తినడం లేదు. తిననిదే ఒంట్లో శక్తి ఎక్కడిది? ముద్ద చేసి నోటి దగ్గర పెడితే పెదాలు మూసుకునేది. గంపలు మూసేసి రోజంతా ఆమె దగ్గరే కూర్చున్నాడు. ప్యాకెట్టు మార్చాడు, కూర మార్చాడు, నూనె మార్చాడు. పెడితే ఒక రకంగా పోతుంది, పెట్టకపోతే ఇంకో రకంగా పోతుంది. ఈ రెండింటి మధ్య నిలబడి ఉన్నాడని ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరి దగ్గరా మూడో దారి లేదు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక తెల్లవారుజామున, ఆత్మకూరు బస్సుకు లేపబోతే ఆమె లేవలేదు. ఆ రోజు డయాలసిస్ రోజు. సంచిలో గ్లాసు, దుప్పటి సర్ది పెట్టి ఉన్నాయి.

నేను పోయేసరికి కొండలయ్య గడప మీద కూర్చుని ఉన్నాడు. ఏడవడం లేదు. నన్ను చూసి, ఒక సందేహం అడుగుతున్నట్టుగా అడిగాడు.

"చారు పోసింటే పోతదనినారు. పొయ్యకపోయినా పోయింది గదరా. అడిగినప్పుడన్నా పోసింటే సరిపోయేది గదా?"

అప్పుడు నేను చెయ్యగలిగింది అతని పక్కన కూర్చోవడం. కూర్చున్నాను.

పెద్దకర్మ వాగు ఒడ్డున పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి ఆకులో వడ్డించడం మాలో ఆనవాయితీ. బంధువుల ఆడవాళ్లు గారెలు, పాయసం, పులిహోర చేశారు. కొండలయ్య మాత్రం చీకటి ఉండగానే సైకిలేసుకుని ఎటో పోయాడు. వరికుంటపాడు దారిలో ఒక రైతు బావి కింద నాలుగు సాళ్లు గోరుచిక్కుడు వేసి ఉంటే, అతన్ని లేపి, తన చేత్తో కోసుకుని వచ్చాడు. మంచు తడి ఆరని కాయలు. నా ఎరుకలో అతను తెచ్చిన కూరల్లో నిజంగా తాజా అని ఒప్పుకోదగ్గవి అవే. ఎవర్నీ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఉడికించాడు, వార్చాడు. కాయలను పక్కన పడేశాడు. ఆ నీళ్లతో చారు కాచాడు, ఈసారి ఉప్పు కూడా వేశాడు.

వాగు దగ్గర ఆకులో అన్నం పెట్టి, తలా ఒకటి వడ్డించారు. ఆఖరున అతను తపేలా తెచ్చాడు. పక్కన ఎవరో, ఆచారం కోసం ఒక చుక్క పోస్తే చాలని, ఇంటి నుంచి తెచ్చిన సామాన్ల సంచిలో ఉన్న స్టీలు గ్లాసు తీసి అందించబోయారు. ఆమెకు నీళ్లు కొలిచిన గ్లాసు అది. కొండలయ్య దాన్ని తీసుకోలేదు. తపేలా రెండు చేతులా పట్టుకుని వంచాడు. అన్నం మునిగింది. గారెలు తేలాయి. చారు ఆకు అంచులు దాటి ఇసుకలోకి పారింది. పెద్దవాళ్లు చాలు చాలన్నారు. అతను ఆపలేదు, తపేలా ఖాళీ అయ్యేదాకా పోస్తూనే ఉన్నాడు.

"ఇంక కొలత లేదులే రాఘవా" అన్నాడు. "తాగు."